వంద రోజుల మంత్రులు



1937 ఎన్నికల నాటి మాట. మన బొబ్బిలిలో పోటీ ఎవరెవరికో తెలుసా? ఒకవైపు బొబ్బిలి రాజా రామకృష్ణ రంగారావు గారు, మద్రాసు ప్రభుత్వానికి పెద్ద. మరోవైపు కాంగ్రెస్ తరఫున కార్మిక నాయకుడు వి.వి. గిరి గారు. అప్పట్లో ఓటు పెట్టె రంగును బట్టి. కాంగ్రెస్‌ది పసుపు పెట్టె. చదువు రానివాళ్లూ రంగు చూసి చీటీ వేసేశారు. సొంత గడ్డ మీదే రాజావారు ఓడిపోయారు.

మద్రాసు రాష్ట్రమంతటా కాంగ్రెస్సే గెలిచింది. కానీ గద్దె ఎక్కనంది! గవర్నరు తన ప్రత్యేకాధికారాలతో అడ్డుపడనని మాటిస్తేనే వస్తామంది. గవర్నరు మాటివ్వలేదు.

మరి పాలించేదెవరు? ఏప్రిల్ 1న కూర్మా వెంకటరెడ్డి నాయుడు గారి తాత్కాలిక మంత్రివర్గం వచ్చింది. సభలో బలం లేని మంత్రివర్గమది. బలం లేదు కాబట్టి సభనే పిలవలేదు. తెలివైన ఉపాయమే గానీ, ఓటేసిన జనానికి అది అన్యాయం.

ఇలాంటి మంత్రివర్గాలు మరికొన్ని రాష్ట్రాల్లోనూ వచ్చాయి. సంయుక్త రాష్ట్రంలో, అంటే నేటి ఉత్తరప్రదేశ్‌లో, మన విజయనగరం మహారాజకుమార్, అదేనండీ, క్రికెట్ విజ్జీ, మంత్రి అయ్యారు. అదీ కొద్ది నెలల ముచ్చటే.

జూన్‌లో ఆ ప్రత్యేకాధికారాల విషయంలో వైస్రాయి కొంత మెత్తబడ్డారు. కాంగ్రెస్ సరేనంది. జూలై నడిమికి నాయుడు గారి మంత్రివర్గం దిగిపోయింది, రాజాజీ మంత్రివర్గం వచ్చింది. బొబ్బిలిలో గెలిచిన గిరి గారే అందులో కార్మిక మంత్రి.