దవడపండ్లు

మన కృష్ణా తీరపు పల్లెలలో పెద్దవారికి చెరకు ముక్కయో జంతికయో ఇచ్చినచో, "మా కాలము వెళ్ళినది" అని నవ్వి ప్రక్కన పెట్టుదురు. వెళ్ళినది కాలము కాదు, దవడపండ్లు.

ముందుపండ్లు కత్తి వంటివి. దవడపండ్లు తిరగలి వంటివి. తిరగలికి రెండు రాళ్ళుండవలెను. క్రిందిపన్ను ఒక్కటి తీయించినను దాని కెదురుగానున్న పైపన్నుకు పని పోవును. కాలక్రమమున అది క్రిందికి దిగవచ్చును; ఖాళీకి వెనుకనున్న పన్ను ముందుకు ఒరుగవచ్చును. ఆ సందులలో మెతుకులు చిక్కి మరికొన్ని పండ్లు పుచ్చును. మనిషి ఒక ప్రక్కనే నమలుట కలవాటుపడును. ఇరుప్రక్కల పోయినచో గుగ్గిళ్ళు, వేరుసెనగలు, పీచుగల కూరలు విస్తరినుండి తప్పుకొని మజ్జిగన్నమే మిగులును. నోటి నష్టము ఒంటికి తగులుట ఇచ్చటనే.

అయినను పోయిన ప్రతి పన్నును కట్టించుకొనవలెనని లేదు. చివరి దవడపండ్లు లేకున్నను, ఇరుప్రక్కల సమముగా ఇరువది పండ్లు ఎదురెదురుగా కలిసినచో పెక్కుమందికి నమలుట చక్కగా సాగునని హాలెండు వైద్యుడు కైజర్ 1981లో చూపెను.

పూర్తి కట్టుడుపండ్లు చిగుళ్ళపై ఆనును గనుక సహజదంతముల బలము వానికి రాదు. 1965లో స్వీడనులో బ్రోనెమార్క్ దవడయెముకలో టైటానియము మరలు నాటి, వానిపై పండ్లు నిలిపెను. అది మేలైనదే కాని ఖర్చు హెచ్చు.

ఆరవయేట వచ్చు పెద్ద దవడపన్నును పాలపన్నని తలచి ఉపేక్షింపకుడు. అది మరల మొలవదు. పన్ను తీయించుటకు ముందు, నిలుపవచ్చునా యని దంతవైద్యుని అడుగుడు.