కొరికే కుక్కపిల్లతో కాపురం



ఈవేళ నేను మాట్లాడబోయేది పచ్చళ్ళ గురించి కాదు, పసిపిల్లల పెంపకం గురించీ కాదు. అయితే రెండో దానికి కాస్త దగ్గర చుట్టమే. ఇంట్లో కొత్తగా తెచ్చుకున్న కుక్కపిల్ల కనిపించిన చెయ్యీ కాలూ కొరుకుతూ ఉంటే ఏం చెయ్యాలి అన్నది. "ఇదీ ఒక సమస్యేనా?" అని నవ్వేవాళ్ళు కుక్కపిల్లని పెంచి ఉండరు. పెంచినవాళ్ళు ఈపాటికి తమ చీర కుచ్చెళ్ళ వంక ఒకసారి చూసుకుని ఉంటారు.

మా ఇల్లు సింహాచలం కొండ కింద, అడవివరంలో. ఉగాది వెళ్ళిన వారానికి మా మరిది ఒక చేతిసంచీలో కుక్కపిల్లని పెట్టుకుని దిగాడు. తెల్లటి ఒళ్ళు, ఒక చెవి మాత్రం నలుపు. ఫాక్స్ టెరియర్ అనే జాతిట. స్నేహితుల ఇంట్లో పుట్టిందిట, 35 రోజులదిట. పిల్లలు 'సింహం' అని పేరు పెడతామన్నారు. మా వైపు ఇంటికొక సింహాచలమో, సింహాద్రో, అప్పన్నో ఉంటారు గదా! వీధిలో నిలబడి కుక్కని ఆ పేరుతో పిలిస్తే ఎవరెవరు పలుకుతారో చెప్పలేం. మా అత్తగారు దాన్ని ఎత్తుకుని, బొటనవేలు కొరికించుకుని, "ఇది సింహం కాదర్రా, మిరియం" అన్నారు. ఆ పేరే ఖాయమయింది.

ఈ జాతికి కొరకడం కొత్త కాదు. పాత గ్రామఫోను రికార్డుల మీద గొట్టం ముందు కూచుని చెవి ఒగ్గి వింటూ ఉండే కుక్క బొమ్మ మీ అందరికీ గుర్తుండే ఉంటుంది. అదీ టెరియర్ తరహాదే. ఇంగ్లండులో బ్రిస్టల్ అనే ఊళ్ళో 1884లో పుట్టింది. వచ్చిన చుట్టాల పిక్కలు పట్టుకునేదిట, అందుకని 'నిప్పర్' అని పేరు పెట్టారు. అంటే చిటుక్కున కొరికేది అని. 1895లో అది పోయాక ఫ్రాన్సిస్ బరాడ్ అనే చిత్రకారుడు దాని బొమ్మ గీశాడు. ఆ బొమ్మే తర్వాత రికార్డుల మీదికెక్కి లోకమంతా తిరిగింది. పిక్కలు కొరికినందుకు పేరు పెట్టించుకున్న కుక్క, బుద్ధిగా పాట వినే కుక్కగా స్థిరపడిపోయింది. నాకు ఆ రోజుల్లో ఈ సంగతి తలుచుకుంటే కాస్త ధైర్యంగా ఉండేది.

ఎందుకంటే మా ఇంట్లో అప్పటికి ఎవరి మడమా ఎవరి ముంజేయీ సలక్షణంగా లేవు. కుక్కపిల్ల పాలపళ్ళు సూదుల్లా ఉంటాయి. ముగ్గు వేద్దామని వంగితే జడ లాగేది. మా అమ్మాయి పట్టీలు చప్పుడైతే చాలు, పరుగున వచ్చి పట్టుకునేది. పాలు పోసే ఆవిడ చూసి, "ఏటమ్మా, కుక్క కాటుకి చెప్పుదెబ్బని పెద్దోళ్ళు ఊరికే అన్నారేటి? రెండు తగిలిస్తే సరి" అంది. మా అత్తగారు ఆ సామెతని అక్షరాలా అమలు జరిపారు. హవాయి చెప్పు తీసి ఒకటి వేశారు. మిరియం ఏం చేసిందనుకున్నారు? ఆట కాబోలనుకుని ఆ చెప్పునే నోట కరుచుకుని ఊపింది. మర్నాడు ఇంకాస్త గట్టిగా తగిలింది. అప్పుడు మంచం కిందకి దూరి, బయటికి తీద్దామని చెయ్యి పెట్టిన మా అమ్మాయి మీద పళ్ళన్నీ బయటపెట్టి గుర్రుమంది.

ఆ గుర్రు వినగానే నాకు గుండె ఝల్లుమంది. అంతవరకూ అది ఆటకి కొరికేది. ఆ పూట భయంతో కొరకబోయింది. కొట్టే చేతికి జడిసిన కుక్క, ఎత్తుకోవడానికి వచ్చిన చేతికీ జడుస్తుంది. ఏ చెయ్యి ఎందుకు వస్తోందో దానికెలా తెలుస్తుంది? సామెతలన్నీ మంచివే కానీ, ఇది మాత్రం కుక్కల్ని పెంచినవాళ్ళు చెప్పింది కాదని నా అనుమానం.

ఇంతలో అక్షయ తృతీయ వచ్చింది, చందనోత్సవం. స్వామి నిజరూప దర్శనం ఏడాదికి ఆ ఒక్క రోజే. కొండ కింద ఇల్లున్నవాళ్ళకి ఆ రోజు చుట్టాలు ఎంతమంది వస్తారో వేరే చెప్పక్కర్లేదు. మిరియాన్ని ఒకరి తర్వాత ఒకరు ఎత్తుకున్నారు, ఆడించారు. పొద్దుటి నుంచీ దానికి కునుకు లేదు. సందెవేళ పెరట్లో పిల్లలు పరుగులు పెడుతూ ఉంటే పూనకం వచ్చినట్టు వెంటపడి, పక్కింటి అయిదేళ్ళ బాబు పిక్క పట్టుకుంది. రెండు పళ్ళు దిగాయి. రెండు ఎర్రటి చుక్కలు, ఆ పైన సన్నగా నెత్తురు.

బాబు నాయనమ్మగారు పసుపు తెమ్మన్నారు. ఇంకెవరో కాఫీపొడి అన్నారు, ఇంకొకరు సున్నం అన్నారు. నేను ఎవరి మాటా వినకుండా బాబుని కుళాయి కిందకి తీసుకుపోయి, సబ్బు రాసి, గడియారం చూసుకుంటూ 15 నిమిషాలు ధారగా నీళ్ళు పోశాను. ఏడ్చే పిల్లాడి పక్కన ఆ 15 నిమిషాలు ఎంతసేపుంటాయో నన్నడగండి. కానీ అక్కచెల్లెళ్ళారా, ఈ ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి. కుక్కపంటి గాటు మీద పసుపు, కారం, సున్నం, నూనె ఏవీ రాయకూడదు. కట్టు కట్టకూడదు. సబ్బూ నీళ్ళూ, ఆ వెంటనే ఆసుపత్రి.

"ఇంట్లో పుట్టిన పసికూన కదమ్మా, దీనికి పిచ్చేమిటి?" అన్నారు నాయనమ్మగారు. నిజమే, నూటికి తొంభై తొమ్మిది పాళ్ళు ఏమీ ఉండదు. కానీ కుక్కపిల్లకి మూడు నెలలు నిండితే గాని ఆ టీకా వెయ్యరు. మిరియానికి అప్పటికి రెండు నెలలు. దాని తల్లికి వేయించారో లేదో మాకు తెలియదు. ఆ జబ్బు లక్షణాలు ఒకసారి బయటపడ్డాయంటే మనిషి దక్కడం దాదాపు లేదు. అలాంటప్పుడు ఆ మిగిలిన ఒక్క పాలుతో పందెం కాసే హక్కు మనకెక్కడిది, అదీ పరాయివాళ్ళ పిల్లాడి మీద!

ఆవిడ భయం అసలు ఇంజక్షన్లంటే. బొడ్డు చుట్టూ 14 ఇంజక్షన్లు ఆవిడ చిన్నతనంలో చూసినవే. గొర్రె మెదడు నుంచి తీసిన ఆ పాతకాలపు మందు 2005 నుంచి మన దేశంలో వాడడం లేదు. ఇప్పుడు చేతికే వేస్తారు. సర్కారు ఆసుపత్రిలో ఉచితం. కరిచిన రోజున ఒకటి, తర్వాత 3, 7, 28 రోజులకి, అంతే. నెత్తురు వచ్చింది కాబట్టి డాక్టరుగారు గాటు చుట్టూ ఇమ్యునోగ్లోబులిన్ అనే మందు కూడా ఎక్కించారు. నాలుగుసార్లూ బాబుని వాళ్ళమ్మతో పాటు నేనే తీసుకువెళ్ళాను. మొదటి రెండుసార్లూ ఆ అమ్మాయి నాతో మాట్లాడలేదు. నేనైనా మాట్లాడను.

ఆ రాత్రి ఇంట్లో పంచాయితీ జరిగింది. "ఏ సంత దగ్గరో వదిలేసి రా" అన్నారు అత్తగారు మా వారితో. ఆయన చేతిసంచీ కూడా కిందకి దించారు. పెంచలేక రోడ్డున వదిలేసిన కుక్కపిల్లలు మనకి తెలియనివి కావు. నాలుగు నెలలొచ్చి ముద్దు తగ్గి కొరుకుడు ఎక్కువయ్యేసరికి వాటి గతి అదే. మా అమ్మాయి ఏడుపు చూసి అత్తగారే ఒక గడువిచ్చారు. "ఆషాఢ పౌర్ణమికి గిరి ప్రదక్షిణ. చెప్పుల్లేని కాళ్ళతో జనం మన గుమ్మం ముందు నుంచి నడుస్తారు, మనింట్లో అలుపు తీర్చుకుంటారు. అప్పటికి దీని నోరు మెత్తబడకపోతే మాత్రం నన్ననొద్దు" అన్నారు. అంటే రెండు నెలల పైచిలుకు.

పశువుల డాక్టరుగారి దగ్గరికి వెళితే మొదట మాకే చీవాట్లు పడ్డాయి. 35 రోజులకే తల్లి దగ్గర నుంచి తేవడం తప్పుట. ఎనిమిది వారాలు నిండాలి. తోబుట్టువులతో కలియబడి ఆడేటప్పుడు గట్టిగా కొరికితే రెండోది కుయ్యిమని ఆట మానేస్తుంది. ఎంతవరకు కొరకవచ్చో అది అక్కడ నేర్చుకునే చదువు. మిరియం ఆ బడి మధ్యలో మానేసి వచ్చింది. ఇక ఆ చదువు మనమే చెప్పాలి.

రెండోది, జాతి గుణం. టెరియర్ అనే మాట లాటిన్‌లో నేలని చెప్పే 'టెర్రా' నుంచి వచ్చింది. బొరియల్లో దూరి నక్కల్ని, ఎలుకల్ని తరమడానికి తరతరాలుగా తయారుచేసిన జాతి. చటుక్కున కదిలేది ఏదైనా సరే దానికి ఎలుకే. మనం కెవ్వుమని చెయ్యి లాక్కుంటే, చీర దులుపుకుంటూ పరుగెడితే, 'వెంటపడు' అని మనమే చెప్పినట్టు.

అందుచేత మందు ఒక్కటే. పన్ను ఒంటికి తగిలిన మరుక్షణం ఆట బందు. చెయ్యి లాగకుండా చచ్చుగా వదిలేసి, స్తంభంలా నిలబడిపోవడం. మాట లేదు, చూపు లేదు. అప్పటికీ వదలకపోతే తలుపు అవతలికి వెళ్ళి అర నిమిషం ఆగి రావడం. అర నిమిషం చాలు. అరగంట బయట పెడితే ఎందుకు పెట్టారో అదే మరిచిపోతుంది. తిరిగి వచ్చాక దాని నోటికి దాని వస్తువు ఇవ్వాలి. నేను పాత నూలు చీర ముక్కలు జడలా అల్లి, తడిపి, ఫ్రిజ్‌లో పెట్టి ఇచ్చేదాన్ని. చిగుళ్ళ దురదకి ఆ చలవ హాయిగా ఉంటుంది. పాత చెప్పులు మాత్రం ఆడుకోవడానికి ఇవ్వకండి. ఏది పాతదో ఏది కొత్తదో దానికి తెలియదు. ఉడికించిన ఎముకలూ వద్దు, చీలికలై గొంతుకి అడ్డం పడతాయి. కొరక్కుండా చెయ్యి నాకినప్పుడు, బుద్ధిగా కూచున్నప్పుడు ఇంత ఇడ్లీ ముక్క. కొందరు మనం కూడా కుయ్యిమని అరవాలంటారు. మా దానికి ఆ కేక వింటే ఇంకా హుషారొచ్చేది. మానేశాం.

పిల్లలు దీనికి 'స్తంభాలాట' అని పేరు పెట్టారు. చెప్పడం సులువే. మొదటి వారం మిరియం ఇంకా గట్టిగా కొరికింది. నిన్నటిదాకా గంతులేసిన వీళ్ళకి ఇవాళ ఏమొచ్చింది అనుకుని ఉంటుంది. అక్కడే చాలామంది చేతులెత్తేస్తారు. ఓపిక పట్టాలి.

అంతకంటే కష్టం ఇంటిల్లిపాదీ ఒక్క మాట మీద ఉండడం. నేను స్తంభమైతే మా వాడు చాటుగా చేతులతో కుస్తీ పట్టేవాడు. మావగారు కండువా అంచు ఆడించి నవ్వుకునేవారు. ఒకరి దగ్గర తప్పయినది ఇంకొకరి దగ్గర వేడుకైతే దానికేం బోధపడుతుంది? ఒకనాడు నేను గట్టిగానే అన్నాను, "ఇది వీధిలోకి పోతే మీ కండువా వల్లే మావయ్యగారూ" అని. ఆయన రెండు రోజులు ముభావంగా ఉన్నారు కానీ కండువా మళ్ళీ ఆడించలేదు.

ఇంకొకటి, నిద్ర. కుక్కపిల్ల రోజుకి 18 గంటల పైన నిద్రపోతుందని డాక్టరుగారు చెప్పేదాకా నాకు తెలియదు. సందెవేళ పూనకాన్ని మా అత్తగారు దిష్టి అనుకుని ఉప్పు తిప్పి పోసేవారు. తీరా చూస్తే అది నిద్ర చాలని పసిపిల్లల పేచీ! మధ్యాహ్నం వెనక గదిలో గోనె పరిచి, తలుపు చేరవేసి, ఎవరూ కదపకుండా రెండు గంటలు పడుకోనిచ్చేసరికి సాయంకాలం కొరుకుడు సగానికి సగం తగ్గింది. చందనోత్సవం నాడు ఈ తెలివి ఉంటే ఆ బాబుకి సూదిపోట్లు తప్పేవి.

జూన్‌లో మూడు నెలలు నిండగానే పిచ్చికుక్క వ్యాధి టీకా వేయించాం. ఏటేటా వేయించాలిట.

ఆషాఢ పౌర్ణమి రానే వచ్చింది. ముందునాటి సాయంత్రం నుంచి తొలిపావంచా దగ్గర కొబ్బరికాయ కొట్టి జనం బయలుదేరారు. 32 కిలోమీటర్ల నడక. మా వీధంతా పాదాలే. మిరియాన్ని వెనక గదిలోనే ఉంచాను. ఎంత నేర్చినా కుక్కపిల్లే, అంత జనంలోకి వదిలే ధైర్యం నాకు లేదు. తెల్లవారుజామున ప్రదక్షిణ ముగించుకుని మా పెద్దాడపడుచుగారు వచ్చి, వసారాలో కాళ్ళు బారజాపి కూర్చున్నారు. పిల్లలు ఎవరో తలుపు తీసినట్టున్నారు. మిరియం దూసుకు వచ్చింది. అత్తగారి చూపు దాని మీద, నా చూపు అత్తగారి మీద. అది ఆ బొబ్బలెక్కిన పాదాల దగ్గర ఆగి, వాసన చూసి, గిర్రున వెనక్కి వెళ్ళి చీరముక్కల జడ నోట కరుచుకొచ్చి ఆవిడ ముందు పడేసింది. ఆడుకుందాం రమ్మని.

ఆ జడ తీసి చూస్తే అందులో బియ్యపుగింజంత పన్ను గుచ్చుకుని ఉంది. పాలపన్ను. నాలుగో నెల దాటాక ఆ 28 పాలపళ్ళూ ఒకటొకటిగా రాలి, ఏడో నెలకల్లా 42 గట్టి పళ్ళు వస్తాయి. అత్తగారు ఆ పన్ను అరచేతిలో పెట్టుకుని కాసేపు చూశారు. తర్వాత పెరట్లోకి వెళ్ళి, మా పిల్లల పళ్ళు ఊడినప్పుడు చేసినట్టే, ఇంటికప్పు మీదికి విసిరేసి వచ్చి కాఫీ కలపమన్నారు.