క్షయరోగికి రక్తము తగ్గుటేల?



క్షయరోగి ముఖము పాలిపోవుట మనమందరము చూచియే యున్నాము. తిండి చాలకనే రక్తము తగ్గినదని తలంతుము. అది కొంతవరకే నిజము.

ఎఱ్ఱ రక్తకణము సుమారు 120 దినములు జీవించును. అది నశింపగా అందలి ఇనుమును దేహము వృథా చేయక, ఎముకలలోని మూలుగకు పంపి కొత్త కణములను చేయించుకొనును. దీర్ఘవ్యాధిచే లోలోపల వాపు నిలిచియున్నచో కాలేయము హెప్సిడిన్ అను పదార్థమును మిక్కుటముగ విడుచును. ఇది కణములనుండి ఇనుము వెలికివచ్చు ద్వారమును మూయునని 2004లో శాస్త్రజ్ఞులు కనుగొనిరి. గాదెలో ధాన్యమున్నను తాళము పడిన యింట పొయ్యి వెలుగునా? అటులనే దేహమున ఇనుమున్నను మూలుగకు అందదు. తిన్న ఆహారములోని ఇనుమును పేగులు సరిగా గ్రహింపజాలవు. మూలుగ పనియు మందగించును.

కావున ఇట్టివారికి ఇనుము మాత్రలు మాత్రమే చాలవు, మూలవ్యాధి కుదురవలయును. రెండు వారములకు మించి దగ్గుచున్నవారిని ప్రాథమిక ఆరోగ్య కేంద్రమునకు పంపి కఫపరీక్ష చేయింపుడు. క్షయకు మందులు ప్రభుత్వము ఉచితముగ నిచ్చుచున్నది. సాధారణముగ ఆరునెలల చికిత్స అవసరము. ఒంట సత్తువ వచ్చినదని రోగి నడుమ మందు మానినచో వ్యాధి తిరుగబెట్టును, మందులకు లొంగకయు పోవచ్చును. మీ వార్డులో నొక్కరైనను అటుల మానకుండ చూడుడని మేము కోరుచున్నాము.