ఫోన్‌లో పాలరాయి, ఇంట్లో టైలు

వెలిమెల, కొల్లూరు వైపు వెళ్తుంటే హోర్డింగులు చూసే ఉంటారు. పునాది కూడా పడని అపార్ట్‌మెంట్‌లో అద్దంలా మెరిసే హాలు! అది ఫొటో కాదు, కంప్యూటర్‌లో తయారుచేసిన బొమ్మ. దాన్ని ఫోన్‌లో చూసి అడ్వాన్సు ఇచ్చేవాళ్లున్నారు. అసలు ఒక వస్తువు రాయా, ప్లాస్టిక్కా అని మన కన్ను ఎలా కనిపెడుతుంది?

దానికి ఒక ఆధారం మెరుపు. 2007లో మోటోయోషి, యాడెల్సన్ బృందం నేచర్ పత్రికలో ఒక సంగతి చూపించింది. ఫొటోలో చాలా భాగం ముదురుగా ఉండి, అక్కడక్కడా చిన్న తెల్లటి మచ్చలుంటే అది మనకి నిగనిగలాడుతున్నట్టే కనిపిస్తుందట. తర్వాత ఇంకొందరు, అది చాలదు, ఆ మచ్చ సరైన చోట పడాలి అన్నారు. ఏదైనా, కన్నుని ఒప్పించడానికి వస్తువు అక్కర్లేదు, వెలుతురు కుదిరితే చాలు.

ఇంకోటి పాలరాయి. మనవాళ్లు ఆ పేరు ఊరికే పెట్టలేదు. పాలలోనైనా, ఆ రాయిలోనైనా వెలుతురు కాస్త లోపలికి దూరి పక్కనుంచి బయటికొస్తుంది. దీన్ని త్వరగా లెక్కగట్టే పద్ధతిని 2001లో జెన్సన్ బృందం చెప్పింది. ఈ లెక్క వదిలేస్తే బొమ్మలో పాలు తెల్ల పెయింటులా కనిపిస్తాయి. మనిషి చర్మమూ అంతే, సున్నం కొట్టిన గోడలా ఉంటుంది.

మరి ఫోన్‌లో పోయేదేంటి? కదలిక. నిజం ఫ్లోరు మీద మీరు తల కదిపితే మెరుపు జారుతుంది. ఫోన్‌ని ఎటు తిప్పినా బొమ్మలో మెరుపు అక్కడే అతుక్కుని ఉంటుంది. చల్లదనం కూడా తెలీదు. (చల్లదనాన్ని మరీ నమ్మకండి, టైలు కూడా రాయిలాగే చల్లగా ఉంటుంది!)

అందుకే శాంపిల్ ముక్క అడగండి. పైన కాదు, కోసిన అంచు చూడండి. గ్రానైట్‌లో గింజలు లోపలిదాకా ఉంటాయి. ప్రింట్ టైల్‌లో డిజైన్ పైన పల్చటి పొర మాత్రమే. నాలుగు టైళ్లు పక్కపక్కన పెట్టిస్తే ఒకే గీత మళ్లీ మళ్లీ రావచ్చు. మోడల్ ఫ్లాట్‌లో లైట్లు ఆపించి, కిటికీ వెలుతురులో చూడండి.

బ్రోచర్ దాచుకోండి. 2016 రెరా చట్టం సెక్షన్ 12 ప్రకారం, ప్రకటనలోనో మోడల్ ఫ్లాట్‌లోనో తప్పుడు సమాచారం నమ్మి డబ్బు కట్టి నష్టపోతే పరిహారం అడగొచ్చు. అగ్రిమెంట్‌లో మాత్రం ‘ప్రీమియం ఫ్లోరింగ్’ అని వదిలేయనివ్వకండి. రాయో టైలో, ఏ కంపెనీదో, సైజెంతో రాయించుకోండి.