డ్రయ్యరు గొట్టం – ఇంటి పెద్దల బాధ్యత
(సంఘ సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మనలో చాలామంది పిల్లల దగ్గరికి అమెరికా వెళ్లి నాలుగైదు నెలలు ఉండి వస్తున్నాం. అక్కడ పగలంతా ఇంట్లో ఉండేది మనమే. అందుచేత బట్టలు ఆరబెట్టే డ్రయ్యరు గురించి నాలుగు మాటలు మనవి చేస్తాను.

2016లో మా అబ్బాయి ఇంట్లో ఉండగా తువ్వాళ్లు ఒక్కసారి వేస్తే ఆరేవి కావు. "మిషను పాతబడింది నాన్నగారూ, కొత్తది కొందాం" అన్నాడు అబ్బాయి. ముప్పై ఏళ్లు గుమాస్తాగా చేసినవాణ్ణి. పని ఆలస్యమైతే కాగితం ఎక్కడ ఆగిందో చూడకుండా ఉండలేను. డ్రయ్యరు నడుస్తుండగా పెరట్లోకి వెళ్లి చూశాను. వేడిగాలి బయటికి వచ్చే గొట్టం మూతికి ఒక రెక్క ఉంటుంది. అది కదలడమే లేదు. ఆ ఆదివారం అబ్బాయి ప్లగ్గు తీసి, మిషను ముందుకు జరిపి, గొట్టం ఊడదీశాడు. బట్టల నుంచి రాలిన నూగు బకెట్టెడు వచ్చింది! అన్నాళ్లూ మేమిద్దరం మధ్యాహ్నం డ్రయ్యరు వేసి నిద్రపోయేవాళ్లం. ఆ పూట మా ఆవిడకు అన్నం సహించలేదు.

ఆ నూగు దూది వంటిది. గాలి ఆడకపోతే మిషను వేడెక్కి అది అంటుకోవచ్చు. అమెరికా ప్రభుత్వ అగ్నిమాపక విభాగం లెక్క ప్రకారం 2008–2010 మధ్య అక్కడి ఇళ్లలో ఏటా సుమారు 2,900 డ్రయ్యరు అగ్నిప్రమాదాలు జరిగాయి. వాటికి మొదటి కారణం శుభ్రం చేయకపోవడమే. గ్యాసుతో నడిచే మిషనైతే, గొట్టం మూసుకుపోయినప్పుడు విషవాయువు ఇంట్లోకి వచ్చే ప్రమాదం కూడా ఉంది.

కనుక ఇవి గుర్తుంచుకోండి:

1. బట్టలు వేసిన ప్రతిసారీ లోపలి జల్లెడ తీసి నూగు తుడవాలి.

2. బయటి రెక్క తెరుచుకుంటున్నదో లేదో అప్పుడప్పుడు చూడాలి.

3. ఏడాదికొకసారి గొట్టమంతా పొడుగు బ్రష్షుతో శుభ్రం చేయించాలి. గ్యాసు మిషనైతే పని తెలిసినవారినే పిలవాలి.

4. ప్లాస్టిక్ గొట్టం ఉంటే తీయించి లోహపు గొట్టం పెట్టించాలి.

5. తలంటికి వాడిన నూనె తువ్వాళ్లు డ్రయ్యరులో వేయరాదు. ఉతికినా జిడ్డు మిగులుతుంది. ఆ వేడికి వాటంతటవే రాజుకోగలవు. దండెం మీద ఆరేయండి.

6. డ్రయ్యరు నడుస్తుండగా నిద్రపోరాదు, ఇల్లు విడిచి వెళ్లరాదు.

పిల్లలకు తీరిక లేని ఉద్యోగాలు. వారిని తప్పుపట్టి లాభం లేదు. వాళ్లింట్లో మనకెందుకని మొహమాటపడకుండా, ఒకటికి రెండుసార్లు గుర్తుచేసి ఈ పని చేయించండి. మనవలు నిద్రపోయే ఇల్లది.

సెలవు.