కలమునకు అడ్డెవరు?



గ్రంథరచనకు పూనుకొని తొలి పుటలయందే ఆగిపోయినవారు ఊరూరా కలరు. స్తోత్రమునకు వ్యాఖ్య వ్రాయదలచినవారు, తమ గ్రామదేవాలయ చరిత్రమును కూర్పదలచినవారు, పెద్దల నోట విన్న వ్రతవిధానమును పిల్లలకై వ్రాసి ఉంచదలచినవారు మా వద్దకు వచ్చి తమ ఆటంకములను చెప్పుకొనుచుందురు. తీరిక లేదని ఒకరు, పాండిత్యము చాలదని ఒకరు, నలుగురు నవ్వుదురేమోయని ఒకరు. విచారించి చూడగా బయటివారెవ్వరును వారి చేయి పట్టి ఆపుట లేదు. తమ కలమునకు తామే అడ్డుపడుచున్నారు.

మనకు మనమే బంధువులము, మనకు మనమే శత్రువులము అను ఉపదేశమును శ్రీకృష్ణపరమాత్మ భగవద్గీత ఆఱవ అధ్యాయమున చేసియున్నాడు. పతంజలి మహర్షి యోగసూత్రముల మొదటి పాదమున చిత్తమునకు కలుగు అంతరాయములను తొమ్మిదిగా లెక్కించెను. వానిలో నాలుగు వ్రాయువానిని మిక్కిలిగా పట్టును. చిత్తము పనికి కదలకుండుట స్త్యానము. నావలన అగునా, కాదా యని ఊగిసలాడుట సంశయము. దేహమును మనస్సును బరువెక్కి కూర్చుండుట ఆలస్యము. కొంత సాగిన పిమ్మట అచట నిలువలేక జారిపోవుట అనవస్థితత్వము.

వీనిలో సంశయము వినయమను వేషము వేసికొని వచ్చును. వ్యాసవాల్మీకుల తరువాత నేను వ్రాయుటయా యని పలికించును. ఇందు వినయము కొంచెము. నన్నెవ్వరును తప్పు పట్టరాదను అభిమానము అధికము. వేదపాఠశాలలో సంథ చెప్పునపుడు స్వరము తప్పినచో గురువు అక్కడనే ఆపి దిద్దును, శిష్యుడు మరల పలుకును. పలికినవానిని గురువు దిద్దగలడు, పలుకనివానిని దిద్దజాలడు. వ్రాతయు అట్టిదే.

భాగవత ప్రథమస్కంధమున వ్యాసభగవానుని వృత్తాంతము కలదు. వేదములను విభజించి, భారతమును రచించియు ఆయనకు తృప్తి కలుగలేదు. సరస్వతీతీరమున చింతించుచుండగా నారదుడు వచ్చెను. వ్యాసుడు తన కొఱతను దాచలేదు, రచించిన భారతమును విడనాడలేదు; కారణమేమని అడిగెను. హరిలీలలను కీర్తింపుమని నారదుడు బోధింపగా భాగవతము వెలసెను. అసంతృప్తి కలిగినపుడు మనము చేయవలసినదియు ఇదియే.

మొత్తము మనమే ముగింపవలెనను నిర్బంధమును లేదు. 11వ శతాబ్దమున నన్నయగారి భారతరచన అరణ్యపర్వము నడుమ నిలిచిపోయెను. 13వ శతాబ్దమున తిక్కనగారు విరాటపర్వము మొదలుకొని తుదివరకు 15 పర్వములు రచించిరి. 14వ శతాబ్దమున ఎఱ్ఱనగారు అరణ్యపర్వశేషమును పూరించిరి. నన్నయగారి అసంపూర్ణరచన వ్యర్థము కాలేదు కదా!

కావున ప్రతిదినము నిత్యపూజానంతరము ఒకే చోట కూర్చుండి, ఒకే విషయముపై పది పంక్తులు వ్రాయుడు. బాగుగా వచ్చినను రాకున్నను అవి ముగియువరకు లేవవలదు. పతంజలి చెప్పిన ఏకతత్త్వాభ్యాసమునకు ఇది గృహస్థులకు తగిన మార్గము. ఆనాటి వ్రాతను ఆనాడే దిద్దవలదు. దానిని ఇష్టదైవము పాదములచెంత ఉంచుడు. నాది యను భారము తగ్గును. మాసమునకొకసారి విజ్ఞులకు చూపి దిద్దించుకొనుడు.

మీ అవ్వగారికి తెలిసిన వ్రతకథ, మీ తాతగారు చెప్పిన ఆలయవిశేషము మీతోనే అంతరించినచో ఏ గ్రంథాలయమునందును దొరకదు. వాని కొఱకు రేపటి పూజ ముగిసిన వెంటనే మొదటి పంక్తి వ్రాయుడు. సరస్వతీమాత మీకు తోడుండుగాక!

స్వస్తి.