టెలివిజను తెరపై కంప్యూటరు

ఇంటనున్న టెలివిజనును కంప్యూటరునకు తెరగా అమర్చుకొనుట నేడు మిక్కిలి సులభమైన కార్యము. 2002వ సంవత్సరమున వెలువడిన హెచ్.డి.ఎం.ఐ. ప్రమాణము ననుసరించిన ఒక్క కేబులే దృశ్యమును శబ్దమును గూడ కొనిపోవుచుండగా, దానిని రెండు యంత్రములకును తగిలించి, రిమోటుతో తగిన ఇన్‌పుట్‌ను ఎంచుకొన్నచో చాలును.

అయినను బొమ్మ వచ్చినంతమాత్రమున పని ముగిసినదని తలంపరాదు. అడుగున నుండవలసిన టాస్క్‌బార్ సగము కనుమరుగగుట పలువురకు అనుభవమే. పూర్వపు గాజుగొట్టపు టెలివిజనులలో అంచుల వంకరలు కనబడకుండుటకై చిత్రమును కొంచెము పెద్దది చేసి, దాని అంచులను చట్రము చాటునకు నెట్టెడి ఆచారము, ఆ గొట్టములు అంతరించిన పిమ్మటను పెక్కు టెలివిజనులలో నిలిచియున్నది. దీనినే ఓవర్‌స్కాన్ అందురు. 1920 చుక్కల వెడల్పును 1080 చుక్కల ఎత్తును గల చిత్రమును అదే కొలత గల తెరపై ఇట్లు సాగదీసినప్పుడు, ఏ చుక్కయు తన స్థానమున నిలువక, అక్షరములు మసకబారును. దోషము కంప్యూటరుది కాదు. టెలివిజను పిక్చర్ సెట్టింగులలో ‘జస్ట్ స్కాన్’ అనియో ‘స్క్రీన్ ఫిట్’ అనియో ఉన్నదానిని ఎన్నుకొనవలయును. కొన్నింట ఆ ఇన్‌పుట్‌కు ‘పీసీ’ అని పేరు పెట్టినంతనే రంగు అక్షరములు సైతము స్ఫుటముగ గోచరించును.

హెచ్.డి.ఎం.ఐ. కేబులు వలె గాక, పాత వి.జి.ఎ. కేబులు దృశ్యమునే గాని శబ్దమును మోయదు. ధ్వనికి వేరొక కేబులు కలుపుకొనవలయును.

బిడ్డలు గంటలకొలది పాఠములు చూచు తెర ఇదియే అయినచో, తల్లిదండ్రులారా, వారి కన్నులకు శ్రమ కలుగకుండ ఈ సవరణలను నేడే చేయుడు.